ఒకే మాట, వేరు వేరు గొంతులు: కొత్త యాస మనకు ఎలా అర్థమవుతుంది?

నాగావళి కథలు

సభ్యులందరికీ నమస్కారం. మాది తెనాలి ప్రాంతం. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో పెద్దవాళ్లు చెప్పిన కథలను, వ్యవసాయపు ముచ్చట్లను కొందరు మిత్రులు రికార్డు చేశారు. వాటిని విని అక్షరాల్లో పెట్టే పని కొంతకాలంగా చేస్తున్నాను. మొదటి రికార్డింగు దగ్గర ప్రతి వాక్యాన్నీ వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ వినవలసి వచ్చింది. ‘ఎల్తన్నాం’, ‘సెప్పినాడు’, ‘ఏటి సేస్తాం’ వంటి మాటలు కాగితం మీద చూస్తే వెంటనే తెలిసిపోతాయి గాని, వేగంగా సాగే మాటల్లో చెవిన పడినప్పుడు ఎక్కడ ఒక మాట ముగిసి ఇంకొకటి మొదలవుతోందో కూడా నాకు తెలియలేదు. అదే పెద్దాయన చెప్పిన రెండో కథకు వచ్చేసరికి ఆ ఇబ్బంది చాలావరకు పోయింది. ఆయన మాట్లాడే తీరు మారలేదు, నాకెవరూ పాఠం చెప్పలేదు. మూడో రికార్డింగులో ఒక ముసలమ్మ గొంతు రాగానే మళ్లీ కొంత తడబాటు కలిగింది, అయితే అది మొదటిసారి పడినంత కాదు.

ఈ మధ్యలో నాలో మారినదేమిటో తెలుసుకోవాలని ఉంది. ఒక మనిషి గొంతుకు అలవాటు పడటం, ఒక ప్రాంతపు యాసకు అలవాటు పడటం ఒకటేనా? త్వరలో ఈ పనిలోకి మరో ఇద్దరు వస్తున్నారు, వాళ్లూ కృష్ణా, గుంటూరు జిల్లాల వాళ్లే. వాళ్లకు ఏ క్రమంలో వినిపిస్తే యాస త్వరగా పట్టుబడుతుంది?

ధ్వనిశాస్త్రం

నాగావళి గారూ, మీ ప్రశ్నకు సమాధానం యాస కన్నా కింది మెట్టు దగ్గర మొదలవుతుంది. ఒకే ఇంటివాళ్లు ఒకే అచ్చును పలికినా, ధ్వనిగా కొలిచి చూస్తే అది ఒకటిగా ఉండదు. స్వరపేటిక నుంచి పెదవుల దాకా ఉండే మార్గం వయసొచ్చిన మగవారిలో సుమారు 17 సెంటీమీటర్లు, ఆడవారిలో 14 నుంచి 15, పిల్లల్లో ఇంకా తక్కువ. మార్గం పొట్టిదయ్యేకొద్దీ అందులో బలంగా మోగే పౌనఃపున్యాలు, అంటే సెకనుకు జరిగే కంపనాల సంఖ్యలు, పైకి జరుగుతాయి. ఒక అచ్చును ఇంకో అచ్చు నుంచి వేరుచేసేవి ముఖ్యంగా ఆ పౌనఃపున్యాలే కనుక, ఒకరు పలికిన అచ్చు కొలతలు మరొకరు పలికిన వేరే అచ్చు కొలతలతో కలిసిపోతుంటాయి. 1952లో బెల్ ప్రయోగశాలల్లో పీటర్సన్, బార్నీ అనే ఇద్దరు 76 మంది మగవారి చేత, ఆడవారి చేత, పిల్లల చేత ఆంగ్లంలోని 10 అచ్చులను రెండేసి సార్లు పలికించి, ఆ 1520 ఉచ్చారణలనూ కొలిచి పటం గీశారు. పటంలో అచ్చుల హద్దులు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అయినా ఆ గొంతులన్నింటినీ కలగలిపి వినిపించినప్పుడు విన్నవారు నూటికి తొంభైనాలుగు సార్లు అచ్చును సరిగ్గానే గుర్తించారు.

కాబట్టి చెవి ప్రతి ధ్వనినీ స్థిరమైన కొలతతో పోల్చి చూడటం లేదు. 1957లో లాడిఫోగెడ్, బ్రాడ్‌బెంట్ చేసిన ప్రయోగం దీన్ని మరింత స్పష్టం చేసింది. వాళ్లు యంత్రం మీద ఒక వాక్యాన్ని తయారుచేసి, దాని చివర ఒక పరీక్ష పదం పెట్టారు. పదాన్ని ముట్టుకోకుండా, ముందున్న వాక్యపు గొంతును మాత్రం మార్చారు. ఒక గొంతు తరువాత ‘బిట్’ అని వినబడిన అదే ధ్వని, ఇంకో గొంతు తరువాత ‘బెట్’ అని వినబడింది. వినేవారు మాట్లాడే మనిషి అచ్చుల విస్తీర్ణాన్ని ఒక్క వాక్యంలోనే అంచనా వేసుకుని, తరువాత వచ్చే ధ్వనిని ఆ అంచనాలో పెట్టి వింటున్నారన్నమాట. మీరు ఆ పెద్దాయన మొదటి వాక్యం వింటుండగానే మీలో ఈ పని జరిగిపోయింది.

యాసకు అలవాటు పడటం దీనిపైన ఇంకో అంతస్తు. 2003లో నెదర్లాండ్స్‌లో నారిస్, మెక్వీన్, కట్లర్ చేసిన పని ఇక్కడ మనకు పనికొస్తుంది. ‘ఫ’కూ ‘స’కూ సరిగ్గా మధ్యన ఉండే ధ్వనిని తయారుచేసి, ఒక బృందానికి ‘ఫ’తో ముగియవలసిన ఇరవై డచ్చి పదాల చివర, ఇంకో బృందానికి ‘స’తో ముగియవలసిన ఇరవై పదాల చివర దాన్ని ఉంచి, ఇతర పదాల మధ్య కలిపి వినిపించారు. తరువాత ఆ ధ్వనిని విడిగా వినిపిస్తే మొదటి బృందం దాన్ని ‘ఫ’ వైపు, రెండో బృందం ‘స’ వైపు లెక్కవేసింది. ఏ పదమో తెలిసిన తెలివి, ధ్వనుల మధ్య గీతనే జరిపింది. మీ పెద్దాయన ‘సెట్టు’, ‘సేను’, ‘సేప’ అన్న ప్రతిసారీ మీకు ముందే తెలిసిన చెట్టు, చేను, చేప అనే మాటలు మీ చెవికి పాఠం చెప్పాయి. ఎవరూ పాఠం చెప్పలేదన్నారు గాని, చెప్పినవి మీ మాటలే.

పెన్నేరు

మాది ప్రొద్దుటూరు. హైదరాబాదులో ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతున్నాను. ధ్వనిశాస్త్రం గారి వివరణ బాగుంది గాని, నాకొక గట్టి సందేహం ఉంది. రెండో కథ తేలికగా అర్థమైందంటే అది చెవి మారడం వల్లనే అని ఎలా చెప్పగలం? మొదటి కథతో ఆ మనిషి ధోరణి, ఆ ఊరి సంగతులు, వ్యవసాయపు మాటలు తెలిసిపోయాయి. తరువాత సగం విని సగం ఊహించుకుంటాం. మా తరగతిలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన పిల్లవాడు ‘గుంట’ అన్నప్పుడు మిగతా పిల్లలు గొయ్యి అనుకున్నారు, అతను చెప్పింది ఆడపిల్ల గురించి. ఆ పదం ప్రతి ఒక్కరి చెవినా స్పష్టంగా పడింది, తెలియనిది దాని అర్థమే. కనుక ఇది వినికిడి సమస్య కన్నా పదసంపద సమస్య అని నా అభిప్రాయం. పదకోశం ఇచ్చి, సందర్భం చెబితే చాలు.

ధ్వనిశాస్త్రం

పెన్నేరు గారూ, పదాల తేడా, పలుకుబడి తేడా రెండూ యాసలో కలిసే ఉంటాయి, వాటిని విడదీసి చూడాలన్న మీ మాట సరైనది. అయితే నేను చెప్పిన ప్రయోగంలో ఊహించుకోవడానికి కథ లేదు. పదాలను విడివిడిగా వినిపించి, ప్రతిదీ నిజమైన పదమా కాదా అని మాత్రమే అడిగారు. అంతకన్నా ముఖ్యం, మూడో బృందం ఒకటి ఉంది. వాళ్లకు అదే మధ్యస్థ ధ్వనిని అర్థం లేని కల్పిత పదాల చివర వినిపించారు. ధ్వనిని అన్నిసార్లు విన్నా వాళ్లలో గీత జరగలేదు. అంటే ఉత్తినే వినడం సరిపోదు, తెలిసిన పదం తోడుండాలి. 2006లో వాళ్లే మరో అడుగు వేసి, ఈ సర్దుబాటు నేర్చిన పదాలకే పరిమితం కాదని, కొత్త పదాలకూ వర్తిస్తుందని చూపారు. ‘సెట్టు’, ‘సేప’ విన్న చెవి, అంతకు ముందు ఆ నోట వినని ‘సీకటి’ని కూడా చీకటిగా పట్టుకుంటుందంటే కారణం ఇదే. పదకోశం ఒక్కొక్క మాటను అందిస్తే, చెవి నేర్చుకున్న సర్దుబాటు ఒక్కసారిగా వేల మాటలకు దారి తీస్తుంది.

మీ ‘గుంట’ ఉదాహరణ మాత్రం పూర్తిగా మీ వైపే ఉంది. అక్కడ చెవి చేయగలిగిందేమీ లేదు, పదకోశమే కావాలి.

రామగుండం

మా ప్రాంతంలో ‘సాలు’ అంటే సంవత్సరం, నాగటి సాలూ సాలే, ఇక చాలించమనడానికి కూడా కొందరి నోట ‘సాలు’ అనే వస్తుంది. ఒక్క ధ్వనికి మూడు అర్థాలున్నా ఊళ్లో ఎవరూ తికమకపడరు. కనుక ధ్వనిని ఒక్కదాన్నే చూసి లాభం లేదన్న పెన్నేరు గారి మాటలో నిజం ఉంది.

అయితే నేను చెప్పదలచుకున్నది వేరు. అలవాటు అనేది ఇద్దరికీ సమానంగా జరగలేదు. దశాబ్దాలుగా పాఠ్యపుస్తకాలూ, రేడియో వార్తలూ, సినిమా సంభాషణలూ ఎక్కువగా కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకున్నవారి భాషకు దగ్గరగానే నడిచాయి. మా పిల్లలు ‘వచ్చిండు’ అని మాట్లాడుతూ పెరిగినా ‘వచ్చాడు’ అన్నదాన్ని ఎన్నడూ అడిగి తెలుసుకోలేదు, ఎందుకంటే అది పొద్దున్నుంచి రాత్రి దాకా వాళ్ల చెవిన పడుతూనే ఉంది. విజయవాడ నుంచి మా ఊరికి ఉద్యోగానికి వచ్చినవారు మాత్రం ‘గట్లెందుకు జేస్తున్నవ్’ అంటే రెండోసారి చెప్పమనేవారు. దాన్ని బట్టి మా మాట స్పష్టంగా లేదని తీర్మానించేవాళ్లూ ఉన్నారు. మాటలో లోపం ఏమీ లేదు, ఆ చెవులకు మా మాట వినే అవకాశం రాలేదు. ఈ మధ్య సినిమాల్లోనూ, యూట్యూబులోనూ తెలంగాణ పలుకుబడి ఎక్కువగా వినబడుతున్నాక, గుంటూరులో పెరిగిన చిన్నపిల్లలు కూడా మా మాటను తేలికగా అందుకోవడం నేను గమనిస్తున్నాను.

శ్రవణ

నేను వినికిడి పరీక్షలు చేసే వృత్తిలో ఉన్నాను. ఈ చర్చలో ఇంతవరకు రానిది ఒకటుంది. సర్దుబాటు చేసుకోవడానికి ముందు ధ్వని చెవికి చేరాలి. సాధారణ ఫోను లైను సుమారు 300 నుంచి 3400 హెర్ట్జుల మధ్య ఉన్న ధ్వనినే మోస్తుంది. ‘స’కారపు బలం చాలావరకు అంతకు పైనే ఉంటుంది, అందుకే ఫోనులో ‘స’కూ ‘ఫ’కూ తేడా చెప్పడం కష్టమవుతుంది. వయసుతో వచ్చే వినికిడి లోపం కూడా ముందుగా ఎక్కువ పౌనఃపున్యాల దగ్గరే మొదలవుతుంది. ఇంట్లో అందరి మాటా బాగానే వింటున్న పెద్దవారు, కొత్తగా వచ్చిన డాక్టరు గారి మాటో, ఇంకో జిల్లా నుంచి వచ్చిన కోడలి మాటో అర్థం కాక ఇబ్బంది పడుతున్నారంటే కుటుంబసభ్యులు దాన్ని మతిమరుపుగానో, పట్టనితనంగానో తీసుకుంటారు. నా దగ్గరకు వచ్చేవారిలో ఇది తరచుగా చూస్తాను. అలవాటైన గొంతులో కొన్ని ధ్వనులు చేరకపోయినా తెలివి వాటిని పూరించుకోగలదు. కొత్త యాసలో అలా పూరించుకోవడానికి ఆధారం తక్కువ.

అలవాటైన గొంతు బలం ఎంతటిదో చెప్పే ప్రయోగాలున్నాయి. 1994లో నైగార్డ్, సోమర్స్, పిసోని అనేవారు కొందరికి పది మంది గొంతులను గుర్తుపట్టడం నేర్పారు, పదాల గురించి ఏమీ నేర్పలేదు. తరువాత రొదలో కొత్త పదాలు వినిపిస్తే, తెలిసిన గొంతులు చెప్పిన పదాలనే వాళ్లు మెరుగ్గా గుర్తించారు. మనిషిని గుర్తుపట్టడం, మాటను గుర్తుపట్టడం అనే రెండూ వేరు వేరు గదుల్లో జరిగే పనులు కావని దీనివల్ల తేలింది. 2013లో జాన్స్‌రూడ్, ఆమె సహచరులు నడివయసు, పెద్దవయసు దంపతులను పరీక్షించినప్పుడు కూడా, రెండు గొంతులు ఒకేసారి వినబడుతున్నచోట జీవిత భాగస్వామి మాటను మిగతా గొంతుల కన్నా బాగా పట్టుకోగలిగారు.

నాగావళి గారి మొదటి ప్రశ్నకు ఇందులోనే కొంత సమాధానం ఉంది. గొంతుకు అలవాటు, యాసకు అలవాటు రెండూ ఉన్నాయి. ముసలమ్మ దగ్గర మీకు పోయింది మొదటిది, మిగిలింది రెండోది.

టెక్సస్ తెలుగు

మా పిల్లలు ఇక్కడే పుట్టారు. నేనూ, మా ఆవిడా మాట్లాడే తెలుగు వాళ్లకు బాగానే అర్థమవుతుంది. అనకాపల్లిలో ఉన్న మా అత్తగారు వీడియో కాల్‌లో మాట్లాడితే మాత్రం పిల్లలు నా ముఖం వైపు చూస్తారు. ఇన్నాళ్లూ వాళ్ల తెలుగు బలహీనంగా ఉందనుకుంటున్నాను. ఈ చర్చ చదివాక అడగాలనిపించింది: వాళ్లకు తెలుగు తక్కువ కావడం వల్లనా, తెలుగు గొంతులు తక్కువ కావడం వల్లనా? ఇంకొకటి, చిన్నవాడు ‘పాట’, ‘పాత’ రెండింటినీ ఒకేలా పలుకుతాడు. వాడికి ఆ తేడా వినబడుతోందా?

ధ్వనిశాస్త్రం

రెండో ప్రశ్న ముందు. వర్కర్, టీస్ 1984లో ప్రచురించిన పరిశోధనలో ఆంగ్లం మాట్లాడే ఇళ్లలోని పసిపిల్లలకు హిందీలోని దంత్య, మూర్ధన్య ‘త’, ‘ట’ల తేడాను వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో ఎక్కువమంది పిల్లలు ఆ తేడాను పట్టుకున్నారు. పది నుంచి పన్నెండు నెలలు వచ్చేసరికి ఆ శక్తి చాలావరకు తగ్గిపోయింది, తమ చుట్టూ వినబడే భాషకు అవసరమైన తేడాల మీదికే వాళ్ల దృష్టి మళ్లింది. మీ ఇంట్లో పుట్టినప్పటి నుంచీ తెలుగు వినబడుతోంది కనుక మీ అబ్బాయి పరిస్థితి ఆ పిల్లలది కాదు. పలకలేకపోవడం వేరు, వినలేకపోవడం వేరు. ‘పాట’ అంటే ఏ బొమ్మ చూపుతాడో, ‘పాత’ అంటే ఏది చూపుతాడో ఒకటి రెండుసార్లు ఆటలాగా అడిగి చూడండి.

మొదటిదానికి నా సమాధానం: రెండు గొంతుల మీద నిలబడిన భాష ఆ రెండు గొంతుల చుట్టూనే హద్దులు గీసుకుంటుంది. తెలుగు నాడులో పెరిగే పిల్లవాడికి పాలవాడు, బడిలో టీచరు, పక్కింటి మామ్మ, బస్సులో కండక్టరు అందరూ తలా ఒక రకంగా అదే మాట పలుకుతారు. పిల్లవాడికి ఇబ్బందిగా కనిపించే ఆ వైవిధ్యమే అసలైన శిక్షణ. మీ అత్తగారితో కాల్స్ పెంచండి, మీరు మధ్యలో అనువాదం చెప్పకండి.

యంత్రలిపి

మాటను అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాను కనుక యంత్రాల వైపు నుంచి ఒక మాట చెబుతాను. ధ్వనిశాస్త్రం గారు చెప్పిన 17 సెంటీమీటర్ల సంగతి మాకు కొత్త కాదు. మాట్లాడేవారి స్వరమార్గం పొడవును అంచనా వేసి ధ్వనిని దానికి తగినట్టు సర్దే పద్ధతులు 1990ల నుంచీ ఉన్నాయి. గొంతు తేడాలను యంత్రాలు ఒక మేరకు దాటాయి. యాస దగ్గరే చిక్కుకున్నాయి, ఎందుకంటే నేర్పేటప్పుడు వినిపించని పలుకుబడిని అవి తమంతట తాము ఊహించుకోలేవు. 2020లో కోనెకీ, ఆమె సహచరులు అమెరికాలో అయిదు పెద్ద కంపెనీల వ్యవస్థలను పరీక్షిస్తే, శ్వేతజాతీయుల మాటల్లో సగటున నూటికి 19 పదాలు తప్పుపోగా, నల్లజాతీయుల మాటల్లో 35 తప్పుపోయాయి. అందరూ మాట్లాడింది ఆంగ్లమే.

తెలుగులో మేము చూసే చిక్కు ఇంకో రకం. పుస్తకంలోని వాక్యాలు ఇచ్చి చదివించి రికార్డు చేస్తే, ఏ జిల్లా మనిషైనా చదివేటప్పుడు తన యాసను పక్కన పెట్టి పుస్తక భాషలో పలుకుతాడు. జిల్లాలన్నీ లెక్కలో ఉంటాయి గాని యాసలు ఉండవు. నాగావళి గారి దగ్గర ఉన్నవి మనుషులు తమ మాటల్లో తాము చెప్పుకున్న కథలు. అవి ఎంత విలువైనవో ఈ పని చేసేవాళ్లకే తెలుస్తుంది. చెప్పినవాళ్ల అనుమతి స్పష్టంగా తీసుకుని ఉంటే, అక్షరరూపంతో పాటు ఆ ధ్వనిని కూడా భద్రంగా, అందరికీ అందేలా ఉంచండి.

రామగుండం

యంత్రాల సంగతి అలా ఉంచితే, మనుషులు కూడా వినకముందే తీర్మానించుకుంటారు. 1992లో రూబిన్ అనే పరిశోధకుడు అమెరికాలో కళాశాల విద్యార్థులకు ఒకే గొంతులో ఒకే పాఠాన్ని వినిపిస్తూ, ఒక బృందానికి శ్వేతజాతి స్త్రీ ఫోటోను, ఇంకో బృందానికి ఆసియా స్త్రీ ఫోటోను చూపాడు. రెండో ఫోటో చూసినవారికి లేని విదేశీ యాస వినబడింది, పాఠం కూడా తక్కువ గుర్తుంది. మన దగ్గర ఫోటో అవసరం లేదు, ఊరి పేరు చెబితే చాలు. ఉద్యోగపు ఇంటర్వ్యూల్లో మా జిల్లా పేరు విన్నాక ప్రశ్నలు అడిగేవారి ముఖాలు మారడం నేను చూశాను. ‘అర్థం కావడం లేదు’ అన్న మాట ఎంతవరకు చెవిది, ఎంతవరకు మనసుది అని అడగవలసిన అవసరం ఉంది.

ధ్వనిశాస్త్రం

రామగుండం గారూ, మీరు చెప్పినదానికి తోడుగా 1995లో మన్రో, డెర్వింగ్ చేసిన పని ఉంది. ఆంగ్లం మాతృభాష కానివారి మాటలను విన్నవారు, విన్నది విన్నట్టు రాశారు, యాస ఎంత గట్టిగా ఉందో విడిగా మార్కులు వేశారు. చాలా గట్టి యాస అని మార్కులు వేసిన వాక్యాలను కూడా ఎన్నోసార్లు తప్పు లేకుండా రాయగలిగారు. యాస ఉండటం ఒకటి, వినడానికి శ్రమ కలగడం ఒకటి, అర్థం కాకపోవడం ఇంకొకటి. ఈ మూడింటినీ ఒకే మాటలో కలిపేసి మనం చాలామందికి అన్యాయం చేస్తున్నాం.

నాగావళి కథలు

ఇన్ని వివరాలు ఇచ్చినందుకు అందరికీ కృతజ్ఞతలు. రెండు కొత్త చిక్కులు చెబుతాను.

మొదటిది ఆ ముసలమ్మ గురించి. ఆమె కథ చెబుతున్నంతసేపూ నోట్లో చుట్ట ఉందని, అదీ అడ్డపొగ అని, అంటే నిప్పు ఉన్న కొస లోపలికి పెట్టుకుందని రికార్డు చేసినవారు తరువాత చెప్పారు. ఆమె మాటల్లోని ‘స’, ‘ర’ ఒక రకంగా నలిగి వినబడతాయి. ఆ సంగతి తెలియక ముందు నేను అది వాళ్ల ఊరి పలుకుబడి అనుకున్నాను. కొత్తవారికి ముందే చెప్పాలా, చెవిని దాని దారిన వదిలేయాలా?

రెండోది రాతకు సంబంధించినది. విన్నది విన్నట్టు ‘సెప్పినాడు’ అనే రాయాలా, చదివేవారి సౌకర్యం కోసం ‘చెప్పాడు’ అని మార్చాలా అన్న విషయంలో మా బృందంలోనే ఏకాభిప్రాయం లేదు.

ధ్వనిశాస్త్రం

చుట్ట గురించి తప్పకుండా చెప్పండి. సరిగ్గా ఇలాంటిదే 2008లో క్రాల్జిక్, శామ్యూల్, బ్రెన్నన్ పరీక్షించారు. ‘స’కూ ‘ష’కూ మధ్యస్థంగా ఉన్న ధ్వనిని పలుకుతున్న మనిషిని వీడియోలో చూపారు. ఆ వింత ధ్వని వచ్చినప్పుడు ఆమె నోట్లో కలం ఉన్నట్టు కనబడితే, వినేవారి చెవిలో గీత జరగలేదు. కలం చేతిలో ఉంటే జరిగింది. ఇది ఈ మనిషి పలుకుబడా, ఈ నిమిషపు అడ్డంకా అని మన తెలివి మనకు తెలియకుండానే విచారిస్తుందన్నమాట. మీ రికార్డింగులో బొమ్మ లేదు, కాబట్టి కొత్తవారికి ఆ విచారణకు ఆధారం లేదు. ప్రతి రికార్డింగుతో పాటు చెప్పినవారి వయసు, ఊరు, పళ్లు ఉన్నాయా, నోట్లో చుట్ట గాని ఆకువక్క గాని ఉందా, పక్కన ఏ చప్పుడు ఉంది అన్న చిన్న వివరపత్రం జతచేయండి. వినేవారికే కాదు, యంత్రలిపి గారి వంటివారికీ అది పనికొస్తుంది.

పెన్నేరు

రాత విషయంలో నా మాట చెబుతాను. నేను తెలుగు ఉపాధ్యాయుణ్ణి, పుస్తకం అన్ని జిల్లాలవారికీ అందాలని కోరుకునేవాణ్ణి. ‘సెప్పినాడు’, ‘ఎల్తన్నాం’ అని పుటలకు పుటలు రాస్తే రాయలసీమ పాఠకుడు పది పుటలు దాటడు. పైగా విన్నది విన్నట్టు రాయడం మన లిపిలో అనుకున్నంత తేలిక కాదు. కోస్తాలో ‘వచ్చాడు’ అన్నప్పుడు పలికే అచ్చు ‘ఆ’ కాదు, ‘ఏ’ కాదు, రెండింటి మధ్యది. దానికి అక్షరం లేక ఒకరు ‘వచ్చాడు’ అని, ఒకరు ‘వచ్చేడు’ అని రాస్తున్నారు. ‘చదువు’లోని దంత్య ‘చ’కూ, ‘చెట్టు’లోని తాలవ్య ‘చ’కూ ఇవాళ మనం ఒకటే అక్షరం వాడుతున్నాం. అందరూ ఎరిగిన లిఖిత ప్రమాణమే నయం.

ధ్వనిశాస్త్రం

పెన్నేరు గారూ, లిపి పరిమితి గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. నిర్ణయానికి ముందు ఒక పరిశోధనను పరిగణించమని మనవి. 2009లో మిటరర్, మెక్వీన్ డచ్చి ప్రేక్షకులకు స్కాటిష్, ఆస్ట్రేలియన్ యాసల్లో ఉన్న ఆంగ్ల చిత్రాలను చూపారు. కొందరికి కింద ఆంగ్లంలోనే అక్షరాలు వచ్చాయి, కొందరికి డచ్చి అనువాదం వచ్చింది, కొందరికి ఏమీ రాలేదు. ఆంగ్ల అక్షరాలు చదివినవారు తరువాత ఆ యాసలో కొత్త వాక్యాలను కూడా మెరుగ్గా అందుకున్నారు. అనువాదం చదివినవారికి కొత్త వాక్యాల విషయంలో నష్టమే జరిగింది. గమనించవలసిందేమిటంటే, ఆ ఆంగ్ల అక్షరాలు మామూలు వర్ణక్రమంలోనే ఉన్నాయి, యాసను అనుసరించి రాసినవి కావు. మాట మాత్రం నోట వచ్చిన మాటే.

నా దృష్టిలో గీత అక్కడ గీయవచ్చు. ‘సెప్పినాడు’ను ‘చెప్పినాడు’ అని రాస్తే చదివే కన్నుకు తెలిసిన పదం దొరుకుతుంది, వినే చెవికి పాఠం అందుతుంది. ‘చెప్పాడు’ అని మారిస్తే అది అనువాదమవుతుంది. ‘గుంట’ను ‘అమ్మాయి’ చేస్తే మరీను. ధ్వనితో కలిపి వినే ప్రతికి ఈ పద్ధతి చాలు. భాషా పరిశోధకులకు ఇచ్చే ప్రతిలో మాత్రం పలుకును పలుకుగానే ఉంచాలి.

పెన్నేరు

మాటను మార్చకుండా అక్షరక్రమాన్ని మాత్రం సరిచేయడం నాకు సమ్మతమే. అట్టడుగున చిన్న పదకోశం ఉండాలన్న నా పట్టు మాత్రం వదలను. పరిశోధకుల ప్రతి ఎంతమంది చదువుతారన్న సందేహం కూడా నాకు అలాగే ఉంది.

శ్రవణ

కొత్తవారిని ఫోనులోనో, లాప్‌టాప్ స్పీకరులోనో కాక మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినమనండి. మొదటి రోజుల్లో రొద లేని రికార్డింగులే ఇవ్వండి. చెవి నేర్చుకోవాలంటే ధ్వని పూర్తిగా అందాలి.

ధ్వనిశాస్త్రం

మీరు మొదట అడిగిన క్రమం గురించి. బ్రాడ్లో, బెంట్ 2008లో చైనీయుల ఆంగ్లంతో చేసిన పరిశోధనలో, ఒక్కరి మాటనే విన్నవారు ఆ ఒక్కరినే బాగా అందుకున్నారు. పలువురి మాటలు విన్నవారు ఎన్నడూ వినని మరో చైనీయుడిని కూడా, అతని మాటనే ముందు నుంచీ విన్నవారితో సమానంగా అర్థం చేసుకున్నారు. 2013లో బేస్-బెర్క్, బ్రాడ్లో, రైట్ ఇంకొంచెం ముందుకు వెళ్లారు. హిందీ, థాయ్, కొరియన్ వంటి అయిదు మాతృభాషలవారి ఆంగ్లం వినిపిస్తే, వినేవారు స్లొవేకియా మనిషి ఆంగ్లాన్ని కూడా మెరుగ్గా పట్టుకున్నారు. కనుక ఒక పెద్దాయన కథలన్నీ ముగించి రెండోవారి దగ్గరకు వెళ్లే పద్ధతి వద్దు. మొదటి వారంలోనే నాలుగైదు గొంతులు, ఆడా మగా, పెద్దా చిన్నా కలిపి, కాస్త కాస్త వినిపించండి.

ఇంకొకటి ఉంది. 2010లో అడాంక్, హాగూర్ట్, బెకరింగ్ చేసిన ప్రయోగంలో, కొత్త యాసలో విన్న వాక్యాన్ని అదే యాసలో తిరిగి పలికినవారు, ఊరికే విన్నవారి కన్నా, తమ పలుకుబడిలో తిరిగి చెప్పినవారి కన్నా మెరుగుపడ్డారు. వెక్కిరింపు అవుతుందేమోనన్న బెరుకు ఉంటే గదిలో ఒంటరిగా పలకమనండి.

నాగావళి కథలు

ఇది మాకు చాలు. ఆదివారం ఆ ఇద్దరికీ నలుగురు కథకుల చిన్న ముక్కలు, మాట మార్చకుండా రాసిన పాఠం పక్కన పెట్టి ఇస్తాను. ప్రతి ముక్కనూ ముందు వినడం, తరువాత చదువుతూ వినడం, ఆపైన గొంతెత్తి పలకడం అనే వరుస పెడతాను. పదకోశం పెన్నేరు గారు చూసి సరిదిద్దుతానంటే పంపుతాను. ముసలమ్మ రికార్డింగును ఆఖరున, వివరపత్రంతో సహా ఇస్తాను. అనుమతుల గురించి యంత్రలిపి గారు చెప్పినది రికార్డు చేసిన మిత్రులతో మాట్లాడి, ఆ ఊళ్లకు మళ్లీ వెళ్లినప్పుడు ఒక్కొక్కరినీ అడిగి రాయించుకోవాలని నిశ్చయించాం.

పెన్నేరు

పంపండి. ఆముదాలవలస, పలాస, టెక్కలి వైపు నుంచి వచ్చిన పిల్లలు మా బడిలో ముగ్గురున్నారు. పదకోశం వాళ్ల చేతే ముందు చూపిస్తాను.